అన్న హాట్‌స్పాట్

ఇబ్రహీంపట్నంల మా తల్లిగారింట్ల నా ఫోన్‌కు సిగ్నల్ దొరకది. అందుకే ల్యాప్‌టాప్ పట్టుకొని బాలనర్సింహన్న దగ్గరికి పోయిన.

"అర్జంట్ మెయిల్ ఒకటి పంపాలన్నా. నీ ఫోన్ నుంచి జర నెట్ ఇయ్యి."

హాట్‌స్పాట్ నొక్కిండు. అది ఆన్ అయితలేదు.

"డేటా సేవర్ ఉన్నట్టుంది. తీసెయ్యి" అని చెప్పిన.

తీసిండు. ల్యాప్‌టాప్ కనెక్ట్ అయింది గానీ నెట్ రాలే. ఫోన్ బంద్ చేసి మళ్ల ఆన్ చేసిండు. అయినా రాలే. ఆఖరుకు కిటికీ కాడికి పోయి, ఫోన్ పైకి పట్టుకొని నిలబడ్డడు.

"ఇప్పుడు సూడు సునందా. నీ నౌకరి పని ఆగొద్దు. రేపు పొద్దుగాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి, బాపు భూమిల నాకేం వద్దని ఒక్క సంతకం పెట్టి పో. నీకు చీర, పసుపుకుంకుమ మీ వదినె తయారుగ పెట్టింది."

"చెయ్యి కదిలియ్యకన్నా. వస్తున్నది."

పేజీ తెరుచుకున్నది. పొద్దున్నే రాసి పెట్టుకున్న మెయిల్ ఇంకోసారి చదివి పంపిన.

"పోయిందా?"

"పోయింది."

అంతలనే ఆయన చేతిల ఫోన్ మోగింది. మెయిల్ పోయింది అన్న బాపు భూమి అమ్ముతున్న కంపెనీకి. ఒక కాపీ అన్నకు గూడ పెట్టిన.

'మా నాన్న భూమిలో సగం వాటా నాది. దాన్ని నేను వదులుకోవడం లేదు.'

అన్న రెండుసార్లు చదివిండు. తలెత్తి నా దిక్కు సూసిండు.

"ఇగ నెట్ బంద్ చేస్కో అన్నా. నా పని అయిపోయింది."