ఎత్తిన బానెట్

దారి పక్కన పాత రష్యన్ జీపు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. పక్కనే ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

“ఒరే చులూన్, ఆపరా,” అంది వెనక సీట్లోంచి తల్లి దరిమా.

చులూన్ వేగం తగ్గించలేదు.

“నీకు ఊపిరాడట్లేదని మురున్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నానమ్మా. షికారుకి కాదు.”

“నేను ఇంకాసేపు ఆగగలను. ఈ చలిలో ఆ ముసలాయన ఆగలేడు.”

“రష్యన్ జీపుల బానెట్లు ఎప్పుడూ లేచే ఉంటాయి. దారినపోయేవాళ్ళకి టోపీ తీసి దణ్ణం పెడుతుంటాయవి.”

దరిమా నవ్వలేదు. ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ జీపు నడిపాడు. ఈ గడ్డిమైదానాల్లో ఎత్తిన బానెట్ కనిపిస్తే ఎవరైనా ఆగాల్సిందే. ఆయన పెళ్ళికి వెళ్తూ కూడా ఆగాడు. తన పెళ్ళికే.

చులూన్ బండి కొత్తది. తెల్లతోలు సీట్లు. అవి వాటంతటవే వేడెక్కుతాయి. ఎలాంటి కొండైనా ఎక్కుతుందని అమ్మినవాడు చెప్పాడు. ఇంతవరకూ అది ఎక్కిన కొండ రాజధానిలో షాపింగ్ మాల్ పార్కింగ్ ఒక్కటే.

ఆపితే ముసలాయన ఎక్కుతానంటాడు. ఆయన బట్టల గొర్రెకొవ్వు వాసన సీట్ల తోలుకి పట్టిందంటే వదలదు.

ముసలాయన దారి మధ్యకి పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ ఊపాడు. ఏదో అరిచాడు.

“అద్దం దించు. ఏమంటున్నాడో విను.”

“చలిగాలి నీకు పడదమ్మా.”

చులూన్ స్టీరింగ్ పక్కకి తిప్పి, ఆయన్ని తప్పించుకుని వెళ్ళిపోయాడు. ముందున్న తెర మీద, వెనక పరిగెత్తుకొస్తున్న ముసలాయన చిన్నవాడై, చుక్కై, మాయమైపోయాడు.

దరిమా ముందుకి వంగి బండి ముక్కు వైపు చూసింది.

“మీ నాన్న జీపుకి ముక్కున ఇనప కొక్కెం ఉండేది. దీనికేదిరా?”

“ఎక్కడో లోపల ఉంటుంది. బయటికి కనిపిస్తే అందం పోతుందట.”

“ఆపదొస్తే అందాన్ని పట్టుకుని లాగుతారా?”

దెల్గెర్ నది వచ్చింది. చలికాలమంతా జనం గడ్డకట్టిన ఆ నది మీదే రాకపోకలు సాగిస్తారు. వంతెన చాలా దూరం. మంచు మీద చక్రాల జాడలు స్పష్టంగా ఉన్నాయి. తెర మీద అన్నీ పచ్చదీపాలే.

చులూన్ బండిని నది మీదికి దించాడు.

సగం దాటాక కింద తుపాకి పేలినట్టయింది.

బండి ముందుభాగం నీళ్ళలోకి ఒరిగింది. ఇంజన్ ఆగింది. తెర ఆరిపోయింది. అద్దం దించే బటన్ నొక్కాడు. దిగలేదు. తలుపు తెరుచుకోలేదు. చేత్తో తిప్పడానికి ఒక్క పిడి కూడా లేదు.

నీళ్ళు పాదాలు దాటి మోకాళ్ళకి వచ్చాయి. వెనక అమ్మ ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

“అమ్మా, నా వైపు చూడు. నా వైపే చూడు.”

అప్పుడు వెనక అద్దం బయట ముసలాయన కనిపించాడు. ఒడ్డున జీపు. చేతిలో తాడు.

“కొక్కెం ఎక్కడ?” అని అరిచాడు.

చులూన్‌కి తెలియదు.

ముసలాయన నున్నటి బండి వెనకంతా తడిమాడు. తాడు కట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. బండి ఇంకాస్త జారింది. ఆయన తాడు పారేసి, జీపు స్టార్ట్ చేసే ఇనప హ్యాండిల్‌తో అద్దం పగలగొట్టాడు. దరిమాని అందుకున్నాడు. అంతలో ఆయన కాళ్ళ కింది మంచు కూడా విరిగింది. గుండెలదాకా నీళ్ళలో నిలబడే ఆమెని గట్టి మంచు మీదికి ఎత్తాడు. తర్వాత చులూన్‌ని లాగాడు.

జీపులో పొడిగా ఉన్న తన గొర్రెతోలు కోటు దరిమాకి చుట్టాడు. తను తడిబట్టలతోనే వంతెన మీదుగా చుట్టు తిరిగి మురున్ చేర్చాడు.

“లోపలికి రా పెద్దాయనా, డాక్టరు చూస్తాడు,” అన్నాడు చులూన్.

“వెళ్ళాలి నాయనా. అక్కడ దారి మీద ఎవరూ లేరు.”

పళ్ళు టకటకమంటుంటే ఆ మాట కూడా సరిగా రాలేదు. చులూన్ అమ్మతో లోపలికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి జీపు లేదు.

దరిమా కోలుకుంది. మంచం మీంచి లేవగానే కొడుకుని తరిమింది.

“వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడు.”

చులూన్ పెద్దలకి గౌరవంగా ఇచ్చే నీలిరంగు పట్టు కండువా ఖదగ్, టీ దిమ్మ, కొత్త తాడు తీసుకుని, స్నేహితుడి పాత జీపులో బయల్దేరాడు.

అదే చోట అదే జీపు. బానెట్ ఎత్తే ఉంది.

ఈసారి ఆగాడు. జీపు పక్కన నిలబడ్డ ఒక యువతి ఎదురొచ్చింది.

“పెద్దాయన ఏరమ్మా?”

“మా నాన్న. నిన్ననే మట్టి చేశాం. ఎవరినో కాపాడటానికి నీళ్ళలోకి దిగారట. ఆ తడిబట్టలతోనే వచ్చి మళ్ళీ ఇక్కడే నిలబడ్డారు. ఊపిరితిత్తులు పట్టేశాయి.” ఆమె అతని చేతిలోని ఖదగ్ చూసింది. “ఆయన కోసం ఆగినవాళ్ళంతా వచ్చి వెళ్తున్నారు. మీరూ ఆగారా అన్నా?”

చులూన్ తలదించుకుని బానెట్ దగ్గరికి నడిచాడు.

“బండికేమైందమ్మా? నన్ను చూడనీ. ఇదొక్కటైనా బాగుచేయనీ.”

“దీనికేమీ కాలేదన్నా. ఆ రోజూ ఏమీ కాలేదు,” అందామె. “నది పగిలింది, అటు వెళ్ళకండని చెప్పడానికే ఎత్తి పెట్టారు. చెయ్యి ఊపితే ఎక్కించుకోమంటున్నాడనుకుని వెళ్ళిపోతారు గానీ, ఎత్తిన బానెట్ చూసి కూడా ఆగని డ్రైవరు ఈ నేల మీద ఇంకా పుట్టలేదనేవారు నాన్న.”