పెద్దక్కకు సూది

"ఆ సీసా నా కొట్టంలో తెరిచావంటే ఊరుకోను డాక్టర్!" అన్నాడు మామ, ఎదురుగా వచ్చి చేతులు అడ్డం పెట్టి.

పశువుల డాక్టర్ సిరంజి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని కాళ్ళ దగ్గర గడ్డి మీద పెద్దక్క పడి ఉంది. పెద్దక్క అంటే మనిషి కాదు, ఆ ఇంటి ఆవులన్నిటిలోకీ పెద్దది. పొద్దున తడి గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక లేవదని డాక్టర్ తేల్చేశాడు. లేవకపోతే లేవకపోయింది, ఆ మూలుగు మాత్రం వినలేకుండా ఉంది.

"ఒక్క సూది మామయ్యా! నొప్పి తగ్గడానికే కదా," అంది కోడలు. ఆవు తల ఆమె ఒళ్ళో ఉంది.

"అది ఏం మందో ఆయన్నే అడుగు."

డాక్టర్ నీళ్ళు నమిలాడు. "అదేనమ్మా... ఈ మందు పడ్డ ఆవుని తింటే రాబందులు చచ్చిపోతాయి. వాటికి హాని చెయ్యని మందు ఇంకోటుంది గానీ, నా దగ్గర అయిపోయింది. రేపు సాయంత్రానికి గానీ రాదు."

"పోనీ, ఒక్కసారిగా ప్రాణం తీసే సూది?"

"అదీ వాటికి విషమేనమ్మా."

"విన్నావా?" అన్నాడు మామ.

ఆ ఇంట్లో ఏ ఆవు పోయినా పూడ్చరు. ట్రాక్టర్ మీద వెనక గుట్టకు చేర్చి రాబందులకు వదిలేస్తారు. మందూ మాకూ ఎరగని ఆవులు కాబట్టే ఆ పక్షులు ఇంకా ఆ గుట్టని పట్టుకుని బతుకుతున్నాయి. చుట్టుపక్కల మరెక్కడా ఒక్కటి లేదు.

"ఈ ఏడాది గూట్లో ఒక్కటే పిల్ల," అన్నాడు మామ. "తల్లీ తండ్రీ పోతే అది ఎవర్ని చూసి నోరు తెరుస్తుంది?"

"అయితే దీన్ని పూడ్చేద్దాం."

"ఎక్కడ పూడుస్తావ్? రెండడుగులు తవ్వితే బండ. పైపైన పూడిస్తే నక్కలు బయటికి లాగేస్తాయి. మళ్ళీ కథ మొదటికే."

"పక్షుల మీదున్న జాలి, ఇన్నాళ్ళూ పాలిచ్చిన దీని మీద లేదా మీకు?"

"ఇది పుట్టినప్పుడు ఈ చేతుల్తోనే బయటికి లాగాను. జాలి గురించి నువ్వు నాకు చెప్పకు," అని మామ ముఖం తిప్పుకున్నాడు.

డాక్టర్ పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. సీసా, సిరంజి కిటికీ గట్టు మీద పెట్టి, "మీలో మీరు తేల్చుకోండి. వాడితే మాత్రం గుట్టకు చేర్చకండి," అని మెల్లగా జారుకున్నాడు.

ఇంత రభస జరుగుతున్నా అత్త నిమ్మకు నీరెత్తినట్టు పాల క్యాన్లు కడుగుతూనే ఉంది. మామ గడ్డి కోతకు వెళ్ళాక చేతులు తుడుచుకుంటూ వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదు నువ్వు."

"ఎలా ముట్టమంటారు అత్తయ్యా? మీరూ వింటున్నారుగా."

అత్త విన్నది. చాలాసేపు వింటూ కూర్చుంది. తర్వాత చప్పున లేచి, "మీ మామయ్య చెవిన పడిందో, నీ సంగతి చెప్తా," అంటూ సీసా, సిరంజి టవల్లో చుట్టుకుని పాలగదిలోకి వెళ్ళింది. నిండు సిరంజితో తిరిగొచ్చింది.

"మరి పక్షులు అత్తయ్యా?"

"నేను చూసుకుంటాగా. తల గట్టిగా పట్టుకో."

మెడ కండలో పొడిచింది అత్త. కోడలు ఆవు చెవులు నిమురుతూ ఉండిపోయింది. కాసేపటికి మూలుగు సన్నబడింది. మరి కాసేపటికి ఆగిపోయింది.

"చూశారా, ఎంత హాయిగా కళ్ళు మూసుకుందో!" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. అత్త తలూపింది. కోడలికి అత్త దేవతలా కనిపించింది. ఆ ఇంట్లో అది రోజూ జరిగే విషయం కాదు. ఇద్దరూ ఒకే కంచం ముందేసుకుని తిన్నారు.

"నీరసించిపోయింది పాపం," అన్నాడు మామ తిరిగొచ్చి చూసి. కోడలు తల వంచుకుంది.

తెల్లారేసరికి పెద్దక్క పోయింది.

మామ ఆవుని ట్రాక్టర్ మీదికి ఎక్కించి తాడు కట్టాడు. గుట్ట మీద అప్పటికే రెండు రాబందులు చుట్లు కొడుతున్నాయి. కోడలు కంగారుగా అత్త వంక చూసింది. చూసుకుంటానన్న మనిషి క్యాన్లు కడుక్కుంటోంది. ట్రాక్టర్ కదిలింది. కోడలు పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది.

"ఆపండి మామయ్యా! గుట్టకొద్దు. నిన్న... నేనే సూది వేశాను."

మామ ఇంజన్ ఆపి దిగాడు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? తిండికోసం కాచుక్కూర్చున్నాయవి. ఇప్పుడు దీన్ని ఎక్కడ దాచను?"

"ఎన్నయినా తిట్టండి. బండ పగలగొట్టి గొయ్యి నేనే తీస్తాను. కానీ వేసినందుకు నాకు బాధ లేదు మామయ్యా. అది నొప్పి తెలియకుండా పోయింది. నాకది చాలు."

క్యాన్ల చప్పుడు ఆగింది. అత్త తడి చేతులతోనే వచ్చి, కోడలి ముఖం చూడకుండా మామతో అంది.

"తీసుకెళ్ళండి, దాని ఒంట్లో ఏ మందూ లేదు. మీ కోడలి ఏడుపు చూడలేక సిరంజిలో నీళ్ళు నింపాను."