మామగారి తలనొప్పి

మందుల షాపావిడ మాత్రల అట్టను కౌంటరు మీద పెట్టినట్టే పెట్టి, మళ్ళీ తనవైపు లాక్కుంది.

పోయినసారి ఇచ్చినవి అప్పుడే ఎలా అయిపోయాయని కోడలిని అడిగింది. ఈ మైగ్రేన్ మాత్రలు వారంలో రెండు రోజులు దాటి వాడొద్దని డాక్టరు చెప్పలేదా అంది. దాటితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుందట. కంచే చేను మేసినట్టు.

డాక్టరు చెప్పే ఉంటాడు. ఆ రోజు పక్క కుర్చీలో మామగారు కునికిపాట్లు పడుతుంటే, ఆయన తల తన భుజం మీద వాలిపోకుండా చూసుకోవడంలో కోడలు సగం మాటలే విన్నది.

ఇప్పుడు గట్టెక్కడానికి ఉన్న నిజమే చెప్పింది. "అన్నీ నేనే మింగలేదండీ. మా మామయ్యకీ తలనొప్పే. అడిగినప్పుడల్లా ఒకటి ఇస్తున్నా."

"ఆయనకి వేరే జబ్బులేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు. గుండెకి స్టెంటు వేశారు, అంతే."

షాపావిడ చెయ్యి అట్ట మీదే ఆగిపోయింది. ఈ మందు రక్తనాళాలను బిగిస్తుందనీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు దీన్ని ముట్టకూడదనీ, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి పెట్టడం పప్పుబెల్లాలు పంచడం కాదనీ గొంతు పెంచకుండానే చెప్పింది. "ముందు ఇంటికెళ్ళి ఆయన్ని చూడండి. ఛాతీలో బరువుగా ఉందంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరుతో మాట్లాడందే ఇవి మీకూ ఇవ్వను."

వీధిలోకి రాగానే, తలనొప్పికి ముందు ఎప్పుడూ వచ్చేలాగే, ఎడమకంటి కొసన వెలుగు పొడిచింది. రంపపు పళ్ళలాంటి మెరుపు గీత, వంపు తిరుగుతూ మెల్లగా పెద్దదవుతోంది. ఎదురుగా సైకిలు వస్తే చక్రమే వచ్చింది, మనిషి రాలేదు. పలకరించిన పొరుగావిడకు నోరుంది, కళ్ళు లేవు. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది కోడలికి.

ఆ నీళ్ళలోనే తన చెయ్యి కనబడింది. దీపాలకు గుడ్డ తొడుగులు కుట్టే చెయ్యి. గుడ్డ అంచులు పీచులు లేవకుండా కత్తిరించే పళ్ళ కత్తెరతోనే, అట్ట నుంచి ఒక్కో మాత్రనూ రేకుతో సహా కత్తిరించి "ఇదిగో మామయ్యా" అని ఆయన అరచేతిలో పెట్టేది. తను మాత్ర కోసం డబ్బా తెరిచినప్పుడే ఆయన తలా నొచ్చేది. ఒకే ఇల్లు, ఒకే ఎండ, నొప్పి మాత్రం వేరే ఎందుకుంటుంది అనుకునేది. ఆఖరి మాత్ర అయితే పెద్దాయనకే ఇచ్చి, తను తలకు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. పైగా అదొక పుణ్యమనుకుంది.

ఇంటి ముందుగదిలో కుట్టిన తొడుగులు దండెం నిండా వేలాడుతున్నాయి. వాటిలోంచి వడిసిన ఎండ నేల మీద పసుపు, ఆకుపచ్చ మడుగులుగా తేలుతోంది. పడక్కుర్చీలో మామగారు నోరు కాస్త తెరిచి పడి ఉన్నాడు. ముఖం ఆకుపచ్చగా ఉంది. కదలడం లేదు.

పక్కన కూలబడి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసింది. పాత బస్సు ఇంజనులా తాపీగా కొట్టుకుంటోంది లోపల. గాలికి తొడుగు పక్కకు ఊగితే ముఖం మీది ఆకుపచ్చ కూడా పక్కకు జరిగింది.

"స్టాపు వచ్చిందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే. బస్సు నడిపి రిటైరైన మనిషి, నిద్రలో కూడా రూటు మీదే ఉంటాడు.

ఛాతీలో బరువుందా, ఆయాసం ఉందా, చెయ్యి లాగుతోందా అని వరసపెట్టి అడిగింది. ఏదీ లేదన్నాడు. "నా చేతులతో నేనే మీ ప్రాణం మీదికి తెచ్చాను మామయ్యా. ఆ మాత్రలు మీరు తినకూడదట" అంది. కంట్లో మెరుపు గీత కరిగి, కుడి కణతలో మేకు దిగడం మొదలైంది. చేత్తో అదుముకుంది.

మామగారు ఆ చేతిని ఒక క్షణం చూశాడు. తర్వాత కుర్చీ కిందకు వంగి పాత టీపొడి డబ్బా తీసి మూత తెరిచాడు.

డబ్బా నిండా మాత్రలు. ఒక్క రేకూ చినగలేదు. ఒక్కోదాని చుట్టూ ఆమె కత్తెర పళ్ళ అంచు, చిన్న చిన్న వెండిపూలలా. ఇవి కూడా కంట్లోని మెరుపులేనేమో అని వేలితో తాకి చూసింది. అవి చెరగలేదు.

"మింగనప్పుడు మరెందుకు అడిగారు మామయ్యా?"

ఆయన కిటికీ తెర లాగి గది చీకటి చేశాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి, డబ్బాలోంచి ఒకే ఒక్క వెండిపువ్వు ఏరి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఆ రోజు డాక్టరు చెప్పిన లెక్కకి, ఈ వారం ఇది నీకు రెండోది. వేసుకుని పడుకో, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. ఈలోగా మూడోదాని కోసం డబ్బా తెరిచావంటే మాత్రం, నాకు మళ్ళీ తలనొప్పి వస్తుంది తల్లీ."