ఎర్రకుప్పలో తాలు

రెబ్కా ఏరిపోసిన ఎర్ర మిరపకాయల కుప్పలో ఒక తాలుకాయ వచ్చి పడింది.

తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఎర్రకుప్పలో అది కనిపిస్తే కొనేవాడి మొహం కూడా తెల్లబారుతుంది.

విసిరింది పక్కన కూర్చున్న ముసలామె. కల్లానికి వచ్చి మూడు రోజులైంది, మూడు రోజులుగా ఇదే వరస.

"ఏంది మామ్మా, చూసి వెయ్యవా?"

"కళ్ళు ఆనట్లేదే తల్లీ. కాస్త నువ్వే చూసి తీసెయ్."

కల్లంలో పనికి కళ్ళే పెట్టుబడి. కళ్ళు లేనామెని కల్లానికి తెచ్చి, అందులోనూ తన పక్కనే కూర్చోబెట్టిన మేస్త్రీ పేరయ్యని రెబ్కా మనసులోనే ఎండుమిరపకాయలు తుంచినట్టు తుంచింది.

ఎడమచేత్తో తాలు తీసి పారేసింది. కుడిచెయ్యి పైటకింద ఉంది.

మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే మిషన్ ఆ చేతికి మూడు వేళ్ళు లేకుండా చేసింది. రాయికి నునుపొచ్చింది, రెబ్కా బతుక్కి నలుపొచ్చింది. ఏడాదిగా అద్దం చూసుకోలేదు, చర్చి మెట్లెక్కలేదు. ఇంట్లో గడవక కల్లానికొస్తే, ఒంటిచేత్తో ఏరే పని ఎంతకీ సాగదు. ఈ వారంలో చెయ్యి తిరక్కపోతే ఇంటిముఖం తిరగమన్నాడు పేరయ్య.

"ఆ చెయ్యి కూడా పెట్టవే. రెండు వేళ్ళున్నాయిగా? కాయ పట్టుకోడానికి ఎన్ని కావాలి?" అంది ముసలామె.

"కళ్ళు ఆనవంటివి, నా వేళ్ళు లెక్కబెట్టావే!"

"దగ్గరివి ఆనతాయిలే," అంటూ ముసలామె ఈసారి గుప్పెడు తాలు ఎర్రకుప్పలోకి విసిరింది.

ఒంటిచేత్తో అందుకోలేక, తిట్టుకుంటూ, విసుక్కుంటూ ఏరుతుంటే రెబ్కా కుడిచెయ్యి ఎప్పుడు పైట దాటిందో రెబ్కాకే తెలియలేదు.

శనివారం సాయంత్రం పేరయ్య వచ్చి కుప్ప కెలికి చూశాడు.

"సోమవారం కూడా రా అమ్మాయ్," అన్నాడు.

ముసలామె మొహం వెలిగింది. "చూశావా? తాలు తీసేదానివి నువ్వు. తాలువి కాదు."

రెబ్కాకి ఎక్కడో కారం తగిలింది.

"తాలునే మామ్మా! మిషన్ దగ్గర మొహిద్దీన్ బాషా అని ఒకాయన ఉండేవాడు. నా చెయ్యి లాగిపడేసి, తను కరెంటు తగిలి పోయాడు. బంగారంలాంటి మనిషి పోయి ఈ తాలు మిగిలింది. పిచ్చోడు... ఉట్టిపుణ్యానికి చచ్చాడు."

ముసలామె చేతులు మొదటిసారి ఆగిపోయాయి.

"ఉట్టిపుణ్యానికి అనమాకే," అంది.

 కొంగు దులుపుకుని లేచి, రెబ్కా కుడిచేతిని ఒకసారి తడిమి, వెళ్ళిపోయింది.

సోమవారం రాలేదు.

ఆమె చోటు ఖాళీగా ఉంది. రెబ్కా రెండు చేతులా ఏరింది. మధ్యాహ్నం దాకా ఎర్రకుప్పలో ఒక్క తాలూ వచ్చి పడలేదు. అదే రెబ్కాకి తోచనివ్వలేదు.

"మేస్త్రీ, మామ్మ ఏదీ? కళ్ళు సరిగా లేని మనిషి, ఎక్కడైనా పడిపోయిందేమో."

పేరయ్య వింతగా చూశాడు.

"ఆమెకి కళ్ళు లేకపోవడమేంది? గుంటూరు యార్డులో ముప్ఫై ఏళ్ళు తాలు తీసిన మనిషి. ఇక రానని పొద్దున్నే పొదిలి బస్సెక్కింది."

"అంత పనిమంతురాలు మన కల్లానికెందుకొచ్చింది?"

పేరయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మార్టూరు మిషన్లోంచి తన కొడుకు లాగిన పిల్ల ఎట్టా బతుకుతుందో, కళ్ళారా చూసుకుపోదామనొచ్చింది."