నాలుగో అంతస్తు కిటికీ

నాచారంలో మనస్విని వాళ్ల అపార్ట్‌మెంటు మేడ ఆ శనివారం సాయంత్రం సందడిగా ఉంది.

మనస్విని కొత్త టెలిస్కోపు కొన్నది. చేతిలోని కంట్రోలర్ మీద గ్రహం పేరు వెతికి మీట నొక్కితే చాలు, మోటారు సన్నగా మూలుగుతూ గొట్టాన్ని దానంతటదే అటు తిప్పుతుంది.

"ఆంటీ, శనికి నిజంగానే ఉంగరం ఉంది!" పిల్లలు గంతులేశారు.

వరుస చివర ఒక పెద్దామె నిలబడింది. వెలిసిన చీర, భుజాల మీద శాలువా. ఈ అపార్ట్‌మెంటు మనిషి కాదు. 'రండి, శనిగ్రహం చూడండి' అని గేటుకు కట్టిన బ్యానర్ చూసి వచ్చినట్టుంది.

వంతు వచ్చినా ఆమె కన్ను ఆనించలేదు.

"బిడ్డా, జర దీన్ని గటు తిప్పుతవా?"

చెయ్యి చూపింది ఆకాశం వైపు కాదు. రోడ్డు అవతలి ట్రస్టు దవాఖానా వైపు.

"నాలుగో అంతస్తుల ఆ చివరి కిటికీ. ఒక్కపారి సూసి పోత."

మనస్విని ముఖం చిట్లించింది.

"ఒకరి గదుల్లోకి తొంగిచూడ్డానికి కాదమ్మా ఇది."

"తప్పనుకోకు బిడ్డా. అండ్ల ఓ చిన్నపిల్ల ఉంటది. లేసి కూసున్నదో, పండుకునే ఉన్నదో... గంతే."

"అయితే పైకెళ్లి చూసుకోవచ్చుగా?"

"నన్ను రానిస్తలేరు."

"విజిటింగ్ టైం ఉంటుంది, అప్పుడు వెళ్లండి. దీన్ని తిప్పితే సెట్టింగంతా పోతుంది."

అది నిజం కాదు. కంట్రోలర్ మీది బాణం మీటలతో ఎటైనా తిప్పుకోవచ్చు. మళ్లీ శని పేరు నొక్కితే తిరిగి అక్కడికే వస్తుంది. కానీ ఈలోగా వెనక ఇంకా చాలామంది చేరారు. ఉప్పల్ నుంచి వచ్చిన తన ఆఫీసువాళ్లు కూడా.

ఆమె పక్కకు జరిగి, కన్ను అందని పసివాళ్లను ఒక్కొక్కరినే ఎత్తి పట్టుకుంది. జనం పలచబడ్డాక పిట్టగోడ దగ్గర నిలబడి, కళ్లు చికిలించి ఆ కిటికీ వైపే కాసేపు చూసింది.

తర్వాత మెల్లగా మెట్లు దిగిపోయింది.

ఆ నిలబడిన తీరు మనస్వినిని వారమంతా వదల్లేదు.

మళ్లీ శనివారం అందరికన్నా ముందే మేడెక్కింది. బాణం మీట నొక్కి గొట్టాన్ని కిందికి దించింది. నాలుగో అంతస్తు, చివరి కిటికీ. ఆమె రాగానే చూపించాలి.

మంచం కనిపించింది. ముడత లేని తెల్లదుప్పటి. ఎవరూ లేరు.

'ఇంటికి పంపేసి ఉంటారు' అనుకుంది. మనసు తేలికైంది.

"ఏందక్కా, మా దవాఖానా దిక్కు జూస్తున్నవ్?"

కింది ఫ్లాటులో ఉండే చంద్రిక. ఆ దవాఖానాలోనే నర్సు.

మనస్విని జరిగింది చెప్పింది. వింటూ వింటూనే చంద్రిక ముఖం వాడిపోయింది.

"శాలువా కప్పుకున్నామెనా? సారలమ్మ. ఆ పాప బుధవారం పొద్దున పోయిందక్కా."

మనస్విని గొట్టం మీంచి చెయ్యి తీసేసింది.

"ఎంత రూల్సయితే మాత్రం... సొంత అమ్మమ్మని కూడా ఆపుతారా చంద్రికా?"

"సొంత అమ్మమ్మ అయితే ఎందుకు ఆపుతమక్కా?" చంద్రిక కళ్లు తుడుచుకుంది.

"కన్నోళ్లు వార్డులనే ఇడిసిపెట్టి పోయిన పిల్ల అది. పక్క మంచం మీద సొంత మనవరాలు సచ్చిపోయినంక గూడ ఊరికి పోకుంట, ఆ పిల్లను ఒళ్లె పెట్టుకోని సాకిన సారలమ్మను, నాలుగో అంతస్తు ఐసీయూకు మార్చిననాడు 'నువ్వేమైతవ్' అని అడిగి మేమే బయట నిలబెట్టినం."