డప్పు ఆగిన చోట

"ఈ జాజ్‌ల ఎవల వంతు అస్తే ఆళ్లు మనసుకొచ్చినట్టు వాయించుడే. ఇప్పుడు నీదే, కానీ," అన్నాడు ఇక్బాల్, క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని.

ఖతర్ ఎడారిలోని దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ క్లబ్బు అది. ఇక్బాల్ ఆర్మూరు పెళ్లిబ్యాండు నుంచి వచ్చినవాడు. పోశన్న ఊళ్లో డప్పు కొట్టి, ఇక్కడ కొత్త బావులకు పైపులు మోస్తూ, శుక్రవారం సాయంత్రాలు డ్రమ్ముల ముందు కూర్చుంటాడు.

పోశన్న నిదానంగా, బరువుగా కొట్టాడు. కంపెనీ తెల్లదొరలు కాళ్లతో తాళం వేశారు.

ఇక్బాల్‌కు ఆ దెబ్బ తెలుసు. పాడె ముందు కొట్టేది.

ఉన్నట్టుండి పోశన్న ఆపేశాడు. డ్రమ్ము మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు పిలిచాడు.

"నర్సవ్వా."

దింపుడు కళ్లం. దారిలో పాడె దించి, డప్పు ఆపి, పోయినవాళ్లను చెవిలో పిలుస్తారు, లేస్తారేమోనని.

"నర్సవ్వ ఎవలు, పోశన్నా?"

"నా ఇంటామె." పోశన్న తలెత్తాడు. "పొద్దున దిగిన మా ఊరాయన చెప్పిండు. దినాలు గూడ అయిపోయినయట."

ఇన్నాళ్లూ 'పిల్లల తల్లి' అనేవాడే తప్ప, ఆమె పేరు పోశన్న నోట ఇక్బాల్ ఎన్నడూ వినలేదు.

పాట అయిపోయిందనుకుని దొరలు చప్పట్లు కొట్టారు.

పోశన్న ఆ చప్పుడు తగ్గేదాకా చూశాడు.

"లేస్తలేదు, ఇక్బాల్ భాయ్. ఇగ పోదాం పా," అని మళ్లీ కొట్టడానికి పుల్లలు అందుకున్నాడు.

ఎప్పుడూ కూర్చునే వాయించే ఇక్బాల్, కుర్చీ వెనక్కి జరిపి, పాడె వెంట నడిచేవాడిలా నిలబడి, క్లారినెట్ ఎత్తాడు.