కెనోసి పడవ ఎక్కినావిడ

"చెయ్యి లోపల పెట్టుకోండమ్మా," అన్నాడు కెనోసి, మూడోసారి.

పడవ ముందుభాగంలో కూర్చున్న పోర్చుగల్ ఆవిడ దుల్సే చెయ్యి పైకి తీసింది. రెల్లు మలుపు తిరిగేలోపే అది మళ్లీ నీళ్లలోకి జారింది. కెనోసి గెడను బురదలో దింపి పడవ ఆపేశాడు. ఒడ్డున ఎండకు పడుకున్న మొసలిని గడ్డంతో చూపించి, రెండు చేతులూ ఒళ్లో కనబడేదాకా పడవ కదలదని చెప్పాడు. ఆవిడ వెనక్కి తిరిగి అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పొద్దుటినుంచీ అతని మనసు మనసులో లేదు. ఒకవాంగో నది పాయల్లో పద్దెనిమిదేళ్లుగా గెడ వేసి పడవ నడుపుతున్నాడు. భయపడే యాత్రికులు తెలుసు, ధైర్యం నటించేవాళ్లూ తెలుసు. ఈవిడ ఏ లెక్కలోకీ రాలేదు. అరవై ఏళ్లుంటాయి. చేతిలో కెమెరా లేదు. రేవులో వరసగా ఉన్న ఐదు పడవలు దాటుకుంటూ వచ్చి, చివర ఉన్న అతని పడవలో కూర్చుంది. ఈమధ్య అతని పడవ ఎక్కేవాళ్లు తక్కువ. రేవు చూసుకునే పిల్ల ఒనలెన్నా ఊరుకోకుండా, "వెతుక్కుంటూ వచ్చింది మామా, కాస్త నవ్వు ముఖం పెట్టు," అని ఏడిపించింది కూడా.

నీటిగుర్రాల మడుగు దగ్గర ఆవిడ అడ్డంగా వెళ్దామంది. మిగతా పడవలు అలాగే వెళ్తున్నాయి కదా అంది.

"వాళ్లు వెళ్లనీండి. నేను వెళ్లను."

తుంగలోంచి చుట్టు తిప్పి తీసుకెళ్లాడు. అయినా తప్పలేదు. పదిబారల దూరంలో నీళ్లు ఉబ్బాయి. ఒక నల్లటి తల పైకి లేచి, చెవులు విదిలించి, గుహలాంటి నోరు తెరిచింది. కెనోసి ఒక్క తోపుతో పడవను తుంగలోకి దూర్చేశాడు. ఆ క్షణంలోనే ఆవిడ లేచి నిలబడింది. పడవ పక్కకు ఒరిగి, నీళ్లు లోపలికి వచ్చాయి. అతను గెడ పడవలో పడేసి ముందుకు వంగి, ఆవిడ భుజం పట్టుకుని కిందకు అదిమాడు. బుడగల వరస ఒకటి పడవ పక్కనుంచే సాగి లోతులోకి పోయింది.

అతని చేతికింద ఆవిడ భుజం వణుకుతోంది. ఇంత భయం పెట్టుకుని ఎందుకు లేచినట్టు? అతనికి అంతుపట్టలేదు.

మధ్యాహ్నం దీవిలో దిగారు. నడకకు ముందు అతను నియమాలు చెప్పాడు. తన వెనకాలే రావాలి, పరిగెత్తకూడదు, అరవకూడదు. ఆవిడ తలూపింది. కొంతదూరం బుద్ధిగానే నడిచింది. తాటిచెట్ల అవతల ఒంటరి మగ ఏనుగు కనబడగానే అతన్ని దాటుకుని ముందుకు నడవడం మొదలుపెట్టింది. తొందరపడకుండా, వెనక్కి చూడకుండా వెళ్తోంది.

కెనోసి రెండంగల్లో అందుకుని ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది. అతను వదల్లేదు. మళ్లీ విదిలించింది, ఈసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. అతను ఇంకా బిగించాడు. ఏనుగు చెవులు చేటల్లా విప్పి, దుమ్ము లేపుతూ వచ్చేసింది. ఆవిణ్ణి పక్కనున్న చెదపుట్ట వెనక్కి లాగి, తను అడ్డంగా నిలబడ్డాడు. కదల్లేదు. పట్టూ వదల్లేదు.

పది అడుగుల దూరంలో ఏనుగు ఆగింది. తొండం విసిరింది, తల ఆడించింది. ఎంతసేపటికో పక్కకు తిరిగి చెట్లలోకి వెళ్లిపోయింది.

"చావాలని ఉంటే ఇంకో చోటు చూసుకోండమ్మా," అన్నాడు కెనోసి. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. పుట్టకు ఆనుకుని కూర్చున్నాడు. తప్పుగా మాట్లాడానని ఒప్పుకున్నాడు. రెండేళ్ల కిందట జర్మనీ నుంచి వచ్చిన ఒక కుర్రాడు కూడా ఇలాగే ముందుకు వెళ్లాడనీ, మళ్లీ తిరిగి రాలేదనీ చెప్పాడు.

"నువ్వెక్కడున్నావు?" అని అడిగింది ఆవిడ.

"పక్కనే. పట్టుకున్నాను. విదిలించుకున్నాడు." అతను తన అరచేతిలోకి చూసుకున్నాడు. "నేను చెట్టుకింద కునుకు తీస్తున్నానని ఊళ్లో అన్నారు. చూసినవాళ్లు లేరు, ఏనుగు రాగానే మిగతావాళ్లంతా పారిపోయారు. అధికారులకి చెప్పాను, ఊళ్లో చెప్పాను, మా ఆవిడకి చెప్పాను. చెప్పీ చెప్పీ ఇప్పుడు నాకే అనుమానమమ్మా. నిజంగా పట్టుకున్నానా, పట్టుకుందామనుకున్నానా అని."

ఈసారి ఆవిడ అతని వెనకాలే పడవ దాకా నడిచింది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ చేతులు చెప్పకుండానే ఒళ్లో ఉన్నాయి. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ మౌనం అతన్ని ఏనుగుకంటే ఎక్కువ భయపెట్టింది. ఫిర్యాదు రాసిస్తుంది. ఈసారి గెడ పట్టే అనుమతి పోతుంది. మలుపు మలుపుకీ ఏదో చెబుదామని నోరు తెరవడం, మూసుకోవడం.

రేవులో ఆవిణ్ణి జాగ్రత్తగా దింపాడు. వెలుగులో ఆవిడ మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు స్పష్టంగా కనబడ్డాయి, నల్లగా కమిలి. కెనోసి తల దించుకున్నాడు.

"ఫిర్యాదు చేస్తే చెయ్యండమ్మా. నేనేమీ అనుకోను."

దుల్సే ఆ కమిలిన చోటు మీద రెండో అరచెయ్యి ఆనించుకుంది. తర్వాత, అతనికి మాత్రమే వినబడేలా అంది:

"జర్మనీలో పనిచేసేవాడు నా కొడుకు. వాణ్ణీ ఇలాగే పట్టుకుని ఉంటావు."